అటకెక్కిన రంగుల పెట్టెను దించేదెలా?

ఇంటిపని, ఉద్యోగం నడుమ మిశ్రమ మాధ్యమ చిత్రకళ
రోజుకు అరగంటతో సాధ్యమే
కావలసింది ఒక మూల చోటు, ఇంటివారి సహకారం

మచిలీపట్నం: బడిలో చదివినన్నాళ్లూ చిత్రలేఖనం పోటీ ఎప్పుడు పెట్టినా బహుమతి ఆ అమ్మాయిదే. తోటి విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో బొమ్మలు వేసిపెట్టేదీ ఆమే. ఆ తరువాత కళాశాల చదువు, వివాహం, ఉద్యోగం, పిల్లలు. రంగుల పెట్టె ముందు బీరువా మీదికి, అక్కడి నుంచి అటక మీదికి చేరుతుంది. ఏ సంక్రాంతికో బూజు దులిపేటప్పుడు దించి చూస్తే గొట్టాల్లో రంగులు రాయిలా గట్టిపడి, కుంచెల వెంట్రుకలు రాలిపోయి ఉంటాయి. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. జిల్లాలో ఏ వీధికి వెళ్లినా ఇటువంటి పెట్టె ఒకటి ఉంటుంది. బ్యాంకు ఉద్యోగంలో చేరి కుంచె వదిలేసిన కుమారుడిదో, పొలం పనుల్లో పడి పలకా బలపం మరచిన తండ్రిదో కూడా కావచ్చు.

'కాస్త తీరిక దొరికాక మళ్లీ మొదలుపెడదాం' అనుకోవడం పరిపాటి. పిల్లల చదువులయ్యాక, ఇల్లు కట్టుకున్నాక, పదవీ విరమణ తరువాత అంటూ వాయిదా పడుతూనే ఉంటుంది. అయితే తీరిక కోసం ఎదురుచూడకుండా, ముక్కలు ముక్కలుగా దొరికే సమయంలోనే సాగించగలిగిన కళ ఒకటుంది. అదే మిశ్రమ మాధ్యమ చిత్రకళ. మిక్స్‌డ్ మీడియా అని వ్యవహరించే ఈ పద్ధతి ఏమిటి, ఇంటి పనులతో దీనికి పొత్తు ఎలా కుదురుతుంది, ఉద్యోగం, సంసారం వదలకుండా దీనిని సాధించినవారు ఎవరు, మన జిల్లాలో దొరికే వస్తువులతో ఎలా మొదలుపెట్టాలి అనే విషయాలను పరిశీలిద్దాం.

ఏమిటీ మిశ్రమ మాధ్యమం?

ఒకే చిత్రంలో రెండు లేదా అంతకు మించిన మాధ్యమాలను కలిపి వాడటమే మిశ్రమ మాధ్యమ కళ. రంగుతో పాటు కాగితం, గుడ్డ, దారం, తీగ, చెక్క, ఇసుక, ఎండుటాకు వంటివి ఒకే తలం మీద చోటు చేసుకుంటాయి. కాగితం, గుడ్డ ముక్కలను అతికించి చిత్రాన్ని రూపొందించే 'కొలాజ్' దీనిలో ప్రధాన శాఖ. అతికించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది.

ఆధునిక చిత్రకళలోకి ఈ పద్ధతి ప్రవేశించింది 1912లో. ఆ ఏడాది పాబ్లో పికాసో ఒక చిత్రంలో కుర్చీ అల్లిక నమూనా అచ్చువేసిన మైనపు గుడ్డను అతికించి, అండాకారంలో ఉన్న ఆ చిత్రం చుట్టూ అంచుగా నిజమైన తాడును బిగించాడు. అదే సంవత్సరం ఆయన మిత్రుడు జార్జి బ్రాక్ కొయ్య నమూనా ముద్రించిన గోడ కాగితాన్ని కత్తిరించి తన బొగ్గు చిత్రంలో అతికించాడు. ఇంట్లో, దుకాణంలో దొరికే మామూలు వస్తువు కూడా చిత్రంలో భాగం కావచ్చునని లోకానికి తెలిసింది.

మన ఇళ్లకు మాత్రం ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో మట్టి బొమ్మ పక్కన కొయ్య బొమ్మ, వెనుక పట్టుచీర తెర, ముందు అద్దం ముక్కతో చెరువు, ఆవాలు మొలకెత్తించి పచ్చని పొలం అమర్చడం మన అమ్మమ్మలకు వెన్నతో పెట్టిన విద్య. ఏ వస్తువు పక్కన ఏది పెడితే కంటికి ఇంపుగా ఉంటుందో ఎరిగిన ఆ చూపే మిశ్రమ మాధ్యమ కళకు పునాది.

ఇంటికి తగిన కళ ఎందుకైంది?

నీటిరంగుల చిత్రం మొదలుపెడితే తడి ఆరకముందే పని ముగించాలి. నడుమ పాలు పొంగాయని లేచి వెళితే తిరిగి వచ్చేసరికి మరక గట్టిపడిపోతుంది. తైలవర్ణ చిత్రానికి వాసన ఘాటైన ద్రావకాలు, గాలి ఆడే ప్రత్యేక గది, రోజుల తరబడి ఆరేందుకు చోటు కావాలి. రెండు గదుల ఇంట్లో, చిన్నపిల్లలున్నచోట ఇవన్నీ సమకూర్చుకోవడం కష్టం.

మిశ్రమ మాధ్యమంలో పని స్వభావమే వేరు. ఇందులో ప్రతి దశకూ నడుమ విరామం తప్పనిసరి. అట్టకు పూత వేస్తే ఆరేదాకా ఆగాలి. కాగితం అతికిస్తే జిగురు పట్టేదాకా కదపకూడదు. రంగు పొర మీద మరో పొర వేయాలన్నా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూసే సమయంలో వంట ముగుస్తుంది, పిల్లల హోంవర్కు పూర్తవుతుంది, కార్యాలయానికి వెళ్లి రావచ్చు. మరో కళకు ఆటంకమైన విరామం ఈ కళకు అవసరంగా మారుతుందన్నమాట.

రెండో వెసులుబాటు, పనిని విడదీసుకోవచ్చు. కాగితాలు ఏరడం, రంగుల వారీగా సర్దడం, కత్తిరించడం, అమర్చి చూసుకోవడం, అతికించడం, రంగు వేయడం, తుది పూత. వీటిలో కొన్నింటికి ఏకాగ్రత కావాలి. మిగిలినవి టీవీ మోగుతున్నా, పిల్లవాడు పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతున్నా సాగిపోతాయి. అలసిన రోజున కత్తెర పని, మనసు తేటగా ఉన్న రోజున అమరిక పని పెట్టుకోవచ్చు.

సంసారం నడుమనే సాధించినవారు

పశ్చిమ బెంగాల్‌కు చెందిన షకీలా షేక్ జీవితం ఇందుకు దగ్గరి ఉదాహరణ. కోల్‌కతా శివారు పల్లెలో నిరుపేద కుటుంబంలో పెరిగారామె. తల్లి కూరగాయలు అమ్మి ఇల్లు నడిపారు. వివాహమయ్యాక కాగితపు సంచులు అతికించి నాలుగు రాళ్లు సంపాదించుకునే షకీలా, అదే కాగితం, అదే జిగురుతో అట్టల మీద కొలాజ్‌లు చేయడం మొదలుపెట్టారు. పాత పత్రికల రంగుల పుటలే ఆమెకు రంగుల పెట్టె. తొలినాళ్లలో కూరగాయలు, ఆ తరువాత పల్లె జీవితం, స్త్రీల వెతలు, కాళికాదేవి రూపాలు ఆమె చిత్రాల్లో ప్రధానాంశాలయ్యాయి. పిల్లలను పెంచుతూ, ఇంటిపని చేసుకుంటూనే దేశంలోని పేరున్న గ్యాలరీల దాకా ఎదిగారు. ఆమె 2018లో కన్నుమూశారు. ఆమెలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిన బి.ఆర్.పనేసర్ కూడా గణాంక శాస్త్ర రంగంలో ఉద్యోగం చేసుకుంటూ కొలాజ్‌లు సృష్టించిన చిత్రకారుడే కావడం విశేషం.

అమెరికాలో కొలాజ్ పేరు చెబితే మొదట గుర్తుకు వచ్చేవారిలో రోమేర్ బేర్డెన్ (1911-1988) ఒకరు. ఆయన న్యూయార్క్ నగర సంక్షేమ శాఖలో ఉద్యోగి. నిరుపేద కుటుంబాల బాగోగులు విచారించే పని. పగలు ఉద్యోగం చేసి, రాత్రులు, సెలవు దినాల్లో చిత్రాలు వేసేవారు. 1964 నాటి కొలాజ్‌లు ఆయనకు విస్తృత ఖ్యాతి తెచ్చాయి. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. ఆ పేరు వచ్చాక కూడా కొన్నేళ్లు ఉద్యోగంలోనే కొనసాగి, 1960ల చివరలో గానీ విరమించలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసించిన రూత్ అసావా (1926-2013) ఆరుగురు బిడ్డల తల్లి. 1947లో మెక్సికోలో బుట్టలల్లేవారి వద్ద నేర్చుకున్న పనితనంతో ఇంట్లోనే కూర్చుని లోహపు తీగను అల్లి గాలిలో వేలాడే శిల్పాలు చేశారు. పిల్లలను పక్క గదిలోకి తరమకుండా వారి నడుమనే పని సాగించారు. మైదా, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్దతో పిల్లల చేత బొమ్మలు చేయించేవారు. ఆ నగరంలో 1973లో వెలసిన ఒక ప్రసిద్ధ ఫౌంటెన్ మీది బొమ్మలు తొలుత అటువంటి పిండిముద్దతో చేసి, ఆపై కంచులో పోతపోసినవే.

వయసు మీరిందనుకునేవారు ఇంగ్లండుకు చెందిన మేరీ డెలానీ (1700-1788)ని తలచుకోవాలి. భర్తను కోల్పోయిన తరువాత, డెబ్బై రెండో ఏట రంగు కాగితాలను సన్నగా కత్తిరించి నల్లని నేపథ్యం మీద పూలమొక్కల రూపాలు అతికించడం మొదలుపెట్టారు. చూపు మందగించేదాకా సుమారు పదేళ్లలో దాదాపు వెయ్యి చిత్రాలు పూర్తిచేశారు. అవి నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

వీరందరిలోనూ కనిపించే సామాన్య లక్షణం ఒక్కటే. ఎవరూ పరిస్థితులు చక్కబడేదాకా ఆగలేదు. ఉన్న పరిస్థితికి తగిన పద్ధతిని ఎంచుకున్నారు.

అసలు అడ్డంకి ఎక్కడ?

'మనసుంటే మార్గం ఉంటుంది' అని సలహా చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. అంటే మహిళకు దాదాపు 5 గంటలు, పురుషుడికి గంటన్నర. ఇంటిపనుల్లో పాలుపంచుకునే పురుషుల సంఖ్యే తక్కువన్నది మరో వాస్తవం. ఉద్యోగం చేసే ఇల్లాలికి ఆ 5 గంటలు ఉద్యోగ వేళలకు అదనం.

కనుక తీరిక లేదనడం సాకు కాదు, లెక్క ప్రకారం నిజం. ఇంట్లో ఒకరికి అరగంట మిగలాలంటే ఆ అరగంట పనిని మరొకరు అందుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సర్దడం, ఉదయం పిల్లల సంచి సిద్ధం చేయడం, వారంలో 2 రోజులు కూరగాయలు తేవడం వంటివి భర్తో, ఎదిగిన పిల్లలో బాధ్యతగా తీసుకుంటే ఆ వెసులుబాటు పుడుతుంది. నిద్ర తగ్గించుకుని కళను సాగించమనడం మాత్రం సలహా కాదు. అది నాలుగు వారాలకు మించి నిలవదు, ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తుంది.

సమయం కన్నా మించిన కొరత చోటు. పని మధ్యలో ఆపి అన్నీ మూటగట్టి, మరునాడు మళ్లీ విప్పి పరచాలంటే ఆ అరగంటలో సగం దానికే సరిపోతుంది. రెండు అడుగుల వెడల్పు బల్ల ఒకటి, ఎవరూ కదపని మూల ఒకటి ఉంటే చాలు. అదీ కుదరని ఇళ్లలో మూతలేని పెద్ద పళ్లెం లేదా పాత సొరుగు మీద అట్టను అమర్చుకుని, పని ముగిశాక అలాగే ఎత్తి బీరువా మీద పెట్టవచ్చు. మరునాడు దించితే పని ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది.

వారం రోజుల్లో ఒక చిత్రం

తొలి చిత్రానికి 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు మించని అట్ట లేదా హార్డ్‌బోర్డు ముక్క చాలు. రోజుకు అరగంట లెక్కన పని విభజన ఇలా ఉండవచ్చు.

సోమవారం: బోర్డును తుడిచి, ఫెవికాల్ వంటి తెల్లజిగురులో సగం నీళ్లు కలిపి రెండు వైపులా పలుచని పూత వేయాలి. ఒకవైపే వేస్తే తడికి బోర్డు విల్లులా వంగుతుంది. రాత్రంతా ఆరనివ్వాలి.

మంగళవారం: మెత్తని సుద్దపొడి, తెల్ల అక్రిలిక్ రంగు, తెల్లజిగురు కలిపి దోసెపిండి పలుచన చేసి నేల పూతగా వేయాలి. ఈ పూత ఉంటే పైన వేసే రంగు, కాగితం గట్టిగా పట్టుకుంటాయి.

బుధవారం: కాగితాలు, గుడ్డలు ఏరి ముదురు, లేత, మధ్యస్థం అని మూడు కుప్పలుగా విడదీయాలి. చిత్రం తేలిపోకుండా నిలబెట్టేది రంగుల వైవిధ్యం కన్నా ఈ ముదురు, లేతల పొందికే.

గురువారం: జిగురు ముట్టకుండా ముక్కలను బోర్డు మీద అమర్చి చూసుకోవాలి. సంతృప్తి కలిగాక సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఫ్యాను గాలికి ముక్కలు చెదిరినా, పిల్లలు కదిపినా ఆ ఫొటో చూసి తిరిగి పేర్చుకోవచ్చు.

శుక్రవారం: కింది పొర నుంచి పైకి వరుసగా అతికించాలి. జిగురు కాగితానికీ, బోర్డుకూ రెండింటికీ రాసి, మధ్య నుంచి అంచులకు గుడ్డతో ఒత్తితే గాలి బుడగలు పోతాయి. పైన ప్లాస్టిక్ కాగితం పరచి, లావాటి పుస్తకాలు బరువుగా పెట్టాలి.

శనివారం: అక్రిలిక్ రంగు, సిరా, పెన్సిలుతో గీతలు, నీడలు జతచేయాలి. అతుకుల అంచులు కొట్టొచ్చినట్లు కనిపించకుండా చిత్రమంతా ఒక్కటయ్యేది ఈ దశలోనే.

ఆదివారం: దారం, తీగ, గుండీ వంటి ఎత్తైన వస్తువులు అమర్చి, మరునాటికి ఆరాక పలుచని పారదర్శక వార్నిష్ వేయాలి.

ఒకరోజు పని తప్పినా నష్టమేమీ లేదు. పరీక్షల కాలంలో, ఇంట్లో జ్వరాలు వచ్చినప్పుడు నెలరోజులు ఆగినా చిత్రం చెడిపోదు. జిగురు డబ్బా మూత గట్టిగా పెట్టి, కుంచెలు కడిగి ఉంచుకుంటే చాలు.

జిల్లాలోనే ముడిసరుకు

మిశ్రమ మాధ్యమానికి ఖరీదైన దిగుమతి సామగ్రి అవసరం లేదు. కృష్ణా తీరంలో పుట్టినవారికి ముడిసరుకు గడప దగ్గరే ఉంది. పెడన, మచిలీపట్నం ప్రాంతాల్లో చెక్క అచ్చులతో అద్దే కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి తీసిన నలుపు, కరక్కాయ పులుముడు, పటికతో నిలబెట్టే ఎరుపు దాని ప్రత్యేకతలు. ఆ బట్టతో దుస్తులు కుట్టే దర్జీల వద్ద మిగిలే పీలికలు చిత్రంలో తీగలుగా, పూలుగా, నేపథ్యంగా ఒదిగిపోతాయి. అయితే అతికించే ముందు తడిగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూసుకోవాలి.

చిలకలపూడి బంగారంగా పేరొందిన రోల్డుగోల్డు నగలు మచిలీపట్నానికి మరో గుర్తింపు. తెగిన గొలుసు, రాయి ఊడిన దుద్దు, జత పోయిన గాజు చిత్రానికి మెరుపు తెస్తాయి. పొరుగున ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కొయ్య బొమ్మల భాగాలను జతచేయడానికి చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కును తరతరాలుగా వాడుతున్నారు. ఆ ముద్దతోనే బోర్డు మీద కొమ్మలు, అలలు ఉబ్బెత్తుగా తీర్చుకోవచ్చు. ఎండిన తాటాకు, కొబ్బరి పీచు, జల్లెడ పట్టి కడిగిన సముద్రపు ఇసుక, చిరిగిన పట్టుచీర జరీ అంచు, పాత పెళ్లి శుభలేఖలు, బస్సు టికెట్లు, క్యాలెండర్లు అన్నీ పనికివచ్చేవే.

ఇక్కడొక మాట. అత్తగారి పాత చీరనో, తాతగారి ఉత్తరాన్నో అడగకుండా కత్తిరించవద్దు. ఇతరులకు చిత్తుగా కనిపించే కాగితం వారికి జ్ఞాపకం కావచ్చు. అడిగి తీసుకుంటే ఆ వస్తువుతో పాటు దాని వెనుక కథ కూడా దక్కుతుంది. ఉత్తరాలు, పాత ఫొటోలైతే మూలప్రతిని ముట్టకుండా జెరాక్స్ తీసి వాడటం ఉత్తమం.

మన్నికకు జాగ్రత్తలు

శ్రమించి చేసిన చిత్రం రెండేళ్లకే పాడైతే ఉత్సాహం నీరుగారిపోతుంది. కోస్తాలో తేమ, ఉప్పుగాలి ఎక్కువ కనుక కింది జాగ్రత్తలు తప్పనిసరి.

వార్తాపత్రికల కాగితంలో కొయ్యకు సహజమైన లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే అది కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి పెళుసుబారేలా చేస్తుంది. ఆ పాతదనమే కావాలనుకుంటే సరే. లేదంటే కావలసిన పుటను మంచి తెల్లకాగితంపై జెరాక్స్ తీసి వాడాలి.

మైదా, గంజి జిగురు చౌకే గానీ బూజుకు, పురుగులకు విందు. బైండింగ్ పనివారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషపదార్థం. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి వెళ్లకుండా తెల్లజిగురే వాడటం క్షేమం.

నీటితో కలిసే రంగుల మీద నూనె రంగులు వేయవచ్చు. నూనె రంగుల మీద, మైనపు క్రేయాన్ల మీద అక్రిలిక్ వేస్తే పట్టు నిలవక పెచ్చులుగా ఊడుతుంది. క్రమం తారుమారు కాకూడదు.

వానాకాలంలో జిగురు ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. లోపలి తడి ఆరకముందే వార్నిష్ వేస్తే తేమ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. ఆ రోజుల్లో ఒక్కో దశకు మరో రోజు కలుపుకోవాలి.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం చిత్రానికి తగలకుండా నడుమ అట్ట అంచు పెట్టించాలి. నేరుగా ఎండ పడే గోడకు, చెమ్మ దిగే గోడకు తగిలించరాదు. చెదల భయం ఉన్న ఇళ్లలో ఫ్రేముకు, గోడకు నడుమ కొద్దిపాటి ఖాళీ ఉంచి, రెండు నెలలకోసారి దించి చూడాలి.

బ్లేడ్లు, సూదులు, గుండీలు, వార్నిష్ సీసాలు పిల్లలకు అందనిచోట మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. పిల్లలు పక్కనే కూర్చుంటే వారికి మొనలేని కత్తెర, పాత క్యాలెండరు, ఒక అట్టముక్క విడిగా ఇవ్వాలి. వారి చిత్రాన్ని దిద్దకుండా వదిలేయాలి.

అమ్మకం సంగతి

'దీనివల్ల నాలుగు డబ్బులు వస్తాయా?' అన్నది ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే తొలి రోజుల్లో రాకపోవచ్చు. అది నేరం కాదు. ఉదయం నడకకో, భజనకో, క్రికెట్ మ్యాచ్‌కో వెచ్చించే గంటను ఎవరూ లాభనష్టాల తక్కెడలో తూచరు. చిత్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ లెక్క ఎందుకన్నది ఇంటిల్లిపాదీ ఆలోచించుకోవాలి.

అమ్మదలిస్తే కనీసం 10, 12 చిత్రాలు ఒకే ధోరణిలో సిద్ధమయ్యాక ప్రయత్నించడం మేలు. ధరలో ముడిసరుకు, ఫ్రేము ఖర్చుతో పాటు పని గంటల విలువ కూడా కలపాలి. 'తీరిక వేళ చేసిందే కదా' అని ఆ గంటలను సున్నాగా లెక్కిస్తే, ఇంటిపనికి విలువ కట్టని తప్పునే మనమూ చేసినట్లవుతుంది. అమ్మే చిత్రాల్లో ఇతరులు తీసిన ఫొటోలు, సినిమా పోస్టర్ల బొమ్మలు యథాతథంగా అతికించడం కాపీహక్కు చిక్కులకు దారితీయవచ్చు. సొంత ఫొటోలు, సొంత గీతలు, పాత గుడ్డలు వాడుకుంటే ఆ బెడద ఉండదు. ఒకటి రెండు చిత్రాలు అమ్ముడుపోగానే ఉద్యోగం మానుకోవడం తొందరపాటు. బేర్డెన్ వంటి ప్రసిద్ధుడే జీతం రాళ్లను చాలాకాలం వదులుకోలేదన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఇంట్లో ఒప్పుదల

'ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?' అన్న మాట మొదటి వారంలోనే వినిపిస్తుంది. వాదనకు దిగడం కన్నా పని వేళను నిర్దిష్టంగా చెప్పడం ఉపయోగకరం. 'రాత్రి 9 నుంచి 9.30 దాకా ఆ బల్ల దగ్గర ఉంటాను' అన్న మాట, 'నాకంటూ కాస్త సమయం కావాలి' అన్న మాట కన్నా తేలికగా అర్థమవుతుంది, అమలూ అవుతుంది. ఆ అరగంటలో ఫోను పక్కన పెట్టాలి. 9.30కి లేచి రావాలి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే రెండో నెల నుంచి ఇంటివారే ఆ వేళను కాపాడతారు.

భార్య కుంచె పట్టినప్పుడు భర్త చేయగల గొప్ప సాయం పొగడ్త కాదు. ఆ అరగంటలో పిల్లవాడు పిలిస్తే తాను పలకడం. భర్తకు ఆ ఆసక్తి ఉంటే ఇదే మర్యాద భార్య నుంచీ అందుతుంది. ఇద్దరికీ ఉంటే వారంలో రోజులు పంచుకోవచ్చు. ఇంట్లో పెద్దవారు కత్తిరింపులకు, దారం ఎక్కించడానికి చేయి కలిపితే మధ్యాహ్నాలు తెలియకుండా గడిచిపోతాయి.

ఒక ఇంట్లో కళకు చోటు దొరికితే ఎంతమందికి మేలో తెలియాలంటే రాజమహేంద్రవరం వెళ్లాలి. 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే మరణించిన దామెర్ల రామారావు పేరు ఆంధ్ర చిత్రకళతో విడదీయరానిది. ఆ ఇంట్లో చిత్రకారుడు ఆయన ఒక్కరే కాదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. వందేళ్ల కిందట, ఆడపిల్ల బడికి వెళ్లడమే అరుదైన కాలంలో, ఒకే కుటుంబంలో ముగ్గురు కుంచె పట్టారు. ఇంట్లో ఒకరు వేస్తుంటే చూసి మరొకరు నేర్చుకునే వాతావరణం ఉంటే ఏం సాధ్యమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అటక మీది పెట్టెలో రంగులు ఎండిపోయి ఉంటే పారేయవచ్చు. ఇరవై ఏళ్ల కిందట ఆ చేతికి తెలిసిన విద్య మాత్రం అంత తేలికగా ఎండిపోదు. ఈ ఆదివారం పెట్టె దించి దుమ్ము దులపండి. పాత క్యాలెండరు ఒకటి, దర్జీ దుకాణంలో నాలుగు పీలికలు, చిన్న జిగురు డబ్బా తెచ్చుకోండి. సోమవారం రాత్రి భోజనాలయ్యాక గిన్నెల పని ఎవరు చూడాలో మాత్రం ముందే ఇంట్లో మాట్లాడుకోండి. మొదటి మెట్టు అదే.